బుధవారం ఎప్పుడు

ఉపవాసాల ముందురోజు రాత్రి
బెషా కత్తులన్నీ కడిగి, నూనె రాసి,
పాత దుప్పటిలో చుట్టి మంచం కిందకి తోశాడు.
ఇక యాభై అయిదు రోజులు
దెబ్రె బిర్హాన్‌లో మాంసం కొనేవాడుండడు.
కసాయి అయినా షిరోనే తినాలి:
వేయించిన శనగపిండి, నీళ్ళు, కారం.

మొదటి వారం ఇంట్లో మనుషులుండే పని కాదు.
కడుపు ఉబ్బరం, దానికి తోడు నోరు.
"గిత్తకి వేసినట్టు గడ్డి వేస్తున్నావా నాకు?"
వేసేదాన్నే, దొరికితే.
మధ్యాహ్నం మూడయ్యేదాకా పచ్చినీళ్ళు ముట్టని మనిషి
మూడుకి ఐదు నిమిషాల ముందు
గోడ గడియారాన్ని కూడా తిట్టాడు.

ఇది కొత్త కాదు. పన్నెండేళ్ళుగా
అతని కడుపులో మంట, నా కాపురంలో పొగ.
రాత్రి రెండింటికి లేచి గుమ్మం మీద కూర్చుంటాడు
అరచేత్తో పొట్ట అదుముకుని,
ఎవరి మీదో తెలియని కోపంతో.

నేను చేసేది ఎప్పుడూ చేసేదే.
టెఫ్ పిండి కలుపుతాను.
కిందటి పిండి మీద తేరిన పసుప్పచ్చ నీళ్ళు,
ఎర్షో,
ఒక చెంబుడు ఇందులో పోస్తాను.
మా అత్త కుండలోంచి వచ్చిన నీళ్ళవి,
ఆమెకి వాళ్ళ అత్త ఇచ్చింది.
ఆమె పోయి తొమ్మిదేళ్ళు. కుండలో మాత్రం
ఇంకా బుడగలు వస్తూనే ఉన్నాయి.
మూడోనాటికి పిండి పొంగుతుంది,
పెనం మీద పోస్తే వెయ్యి కళ్ళు తెరుస్తుంది.

నర్సు చదువుతున్న సొసేనా సెలవులకొచ్చి చెప్పింది:
"అమ్మా, నాన్న పేగుల్లో కూడా ఇలాంటి కుండే ఉంది.
కంటికి ఆనని కోట్ల ప్రాణులు.
పప్పు పొట్టు, ఆకు పీచు,
మనకి అరగనిదే వాటికి కూడు.
వాటి కడుపు నిండితే
తలకాయకి మంచి కబురు వెళ్తుందంటున్నారు."
"అంటున్నారా, తేల్చారా?"
"ఇంకా వెతుకుతున్నారు" అంది, కొంచెం చిన్నబోయి.

నాకు కబుర్ల సంగతి తెలియదు.
మూడో వారంలో ఒక రాత్రి మెలకువొచ్చి చూస్తే
పక్కన మనిషి ఉన్నాడు.
గురక పెడుతున్నాడు.
ఆ గురక వింటూ నేను నిద్ర మానుకున్నాను.
నాలుగో వారంలో గోమెన్ ఆకు తనే తుంచాడు,
ఈనెలు తీయకుండా. ఊరుకున్నాను.
ఆ తర్వాత ఒకనాడు మసూరు పప్పులో
బెర్బెరె కారం ఎక్కువై నాలుక మండితే
నవ్వాడు.
పై పన్ను ఒకటి ఎప్పుడో ఊడిపోయిందని
నాకు ఆ రోజే తెలిసింది.

పప్పు వల్లా? ప్రార్థన వల్లా?
నెత్తురు వాసన లేకుండా, అప్పు పుస్తకం తెరవకుండా,
పొద్దెక్కేదాకా పడుకున్నందువల్లా?
దేనికని దండం పెట్టను?
అన్నీ ఒకే కుండలో పులిశాయి.
విడదీసి చూపమంటే నా వల్ల కాదు.

పండగ రాత్రి, కోడి కూయకముందే
అవిసె గింజల నీళ్ళు ఇచ్చాను, పేగు మెత్తబడాలని.
తెల్లారేసరికి కొట్టు ముందు వరస.
కత్తులు దుప్పట్లోంచి లేచాయి.
మధ్యాహ్నం స్నేహితుల మధ్య కూర్చుని
పచ్చి మాంసం, మిత్మితా కారం అద్దుకుని,
ముక్క మీద ముక్క, పెళ్ళికొడుకులా తిన్నాడు.
నేనూ తిన్నాను. అబద్ధమెందుకు, రుచిగానే ఉంది.

రాత్రి రెండింటికి
గుమ్మం మీద చీకట్లో అదే అరచెయ్యి, అదే పొట్ట.
పక్కన కూర్చుని నా షమ్మా సగం కప్పాను.
చాలాసేపటికి అడిగాడు:
"బుధవారం ఎప్పుడు?"

"పండగైన యాభై రోజులూ
బుధవారాలకి ఉపవాసం లేదు. మరిచావా?"

మరిచేవాడు కాదు. నాకు తెలుసు.
వీధికుక్క అటు చివరిదాకా పోయేవరకూ చూసి,
"నిన్నటి షిరో ఏమన్నా మిగిలిందా" అన్నాడు,
"కొట్టు దగ్గర మాత్రం ఎవరికీ చెప్పకు."